పన్నెండున్నరకు డిన్నర్, అయిదున్నరకు టీ

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పాతతరం మనిషి "డిన్నర్ అయిందా?" అని అడిగితే మధ్యాహ్నం భోజనం సంగతి అడుగుతున్నట్టు. సాయంత్రం అయిదున్నరకు బల్ల మీదికి వచ్చేది టీ. పేరుకు టీయే గానీ అందులో వేయించిన గుడ్లు, హామ్, చిప్స్, వెన్న రాసిన బ్రెడ్డు, ఆఖర్న కేకు ముక్క అన్నీ ఉంటాయి. రాత్రి తొమ్మిదిన్నరకు, పక్క ఎక్కే ముందు ఒక కప్పు కోకో, రెండు బిస్కట్లు. అది సప్పర్. అక్కణ్ణుంచి రైలెక్కి లండన్ శివార్లలో దిగితే లెక్క మారిపోతుంది. మధ్యాహ్నం లంచ్, నాలుగింటికి టీ, రాత్రి ఏడున్నరకో ఎనిమిదికో డిన్నర్. సప్పర్ అనే మాట అక్కడా ఉంది. అయితే అది అతిథులెవరూ లేనప్పుడు ఇంటివాళ్లే వంటింటి బల్ల దగ్గర కూర్చుని తినే రాత్రి భోజనం.

దీన్ని ఉత్తరం, దక్షిణం అని మ్యాపు మీద గీత గీసి చూపిస్తుంటారు. గీత ఉన్న మాట నిజమే. కానీ మాంచెస్టర్, లీడ్స్ మిల్లు యజమానుల ఇళ్లలో నూరేళ్ల కిందటే లంచ్ ఉంది. లండన్ తూర్పు పేటల్లో రేవు కూలీలు మధ్యాహ్నం తిన్నది డిన్నరే. రోజు మొత్తంలో వేడిగా, కడుపునిండా తినే తిండి ఏ వేళకు దొరికిందో ఆ వేళకు డిన్నర్ అన్న పేరు అంటుకుంది. ఆ వేళను నిర్ణయించింది మిల్లు కూత, గని షిఫ్టు. ఈ సంగతి పట్టుకుంటే పేర్ల చిక్కుముడి చాలావరకు దానంతట అదే విడిపోతుంది.

ఒకప్పుడు దేశమంతా, జమీందారు దగ్గర్నుంచి పాలేరు దాకా, డిన్నర్ పట్టపగలే తినేది. 18వ శతాబ్దం నుంచి డబ్బున్నవాళ్లు దాన్ని మెల్లగా సాయంత్రం వైపు జరుపుతూ పోయారు. మొదట రెండు, తరవాత నాలుగు, ఆపైన ఆరు, ఏడు. దీపాల ఖర్చుకు వెనకాడనివాళ్లకే అది చెల్లింది. పొద్దుటి ఫలహారానికీ డిన్నర్‌కీ నడుమ పెద్ద ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో లంచ్ పుట్టింది. లంచ్ తరవాత మళ్లీ ఆకలి వేసే నాలుగింటికి, 1840 ప్రాంతంలో, టీతోపాటు చిన్న సాండ్‌విచ్‌లూ కేకులూ తినే అలవాటు వచ్చింది. దానికి బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా పేరు చెబుతారు. కూలిపనివాళ్ల డిన్నర్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. 1850 ఫ్యాక్టరీ చట్టం ఆడవాళ్లకూ పద్దెనిమిదేళ్ల లోపు కుర్రకారుకూ పనివేళలు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, చలికాలమైతే ఏడు నుంచి ఏడు దాకా అని తేల్చి, అందులో గంటన్నర తిండికి వదలాలంది. దాంతో మిల్లు ఊళ్లలో పొద్దుటి పూట ఒక అరగంట, మధ్యాహ్నం ఒక గంట స్థిరపడ్డాయి. ఆ గంటే డిన్నర్ అవర్. మిల్లు చుట్టూ ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా కట్టడంలో ఇదీ ఒక కారణం. కూత పడగానే ఇంటికి నడిచి, తిని, మళ్లీ కూత పడేలోపు మగ్గం దగ్గర ఉండాలి.

మరి ఇంటి ఇల్లాలు కూడా మిల్లులోనే ఉంటే ఆ గంటలో వేడి భోజనం ఎలా? యార్క్‌షైర్ పక్కనున్న లాంకషైర్ వాళ్ల హాట్‌పాట్ ఆ ఇబ్బందిలోంచి వచ్చిన వంట అంటారు. పొద్దున్నే సర్దిపెట్టి సన్నసెగ ఓవెన్‌లో వదిలేస్తే మనిషి అక్కర్లేదు, అదే ఉడుకుతుంది. నలుగురైదుగురికి కిలో మేకమాంసమో గొర్రెమాంసమో మెడ భాగం ఎముకతో సహా, అరకిలో ఉల్లిపాయలు, కిలో బంగాళాదుంపలు, అరలీటరు మాంసం రసం, ఉప్పు, మిరియాలు. అంతే. నిలువు అంచుల మట్టిపాత్రలో అడుగున మాంసం, దానిమీద ఉల్లిపాయలు, పైన బంగాళాదుంప చక్రాలు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా పేర్చాలి. మూత పెట్టి 160 డిగ్రీల సెల్సియస్‌లో రెండు గంటలు, తరవాత మూత తీసి 200లో అరగంట, నలభై నిమిషాలు. పైపొర ఎర్రగా, అంచులు కరకరలాడుతూ రావాలి.

చెడిపోయేది దాదాపు ఎప్పుడూ బంగాళాదుంప దగ్గరే. మరీ పల్చగా తరిగితే రసంలో కరిగి ముద్దవుతుంది. అర సెంటీమీటరు మందం ఉండాలి. కొత్త దుంపలు పనికిరావు, వాటిలో పిండి తక్కువ, ఎంతసేపు ఉడికినా గట్టిగా విడివిడిగానే ఉంటాయి. రసం ఎక్కువ పోస్తే పైపొర మునిగి ఎప్పటికీ ఎర్రబడదు, అందుకని దుంపల పొర కిందికే ఆగాలి. మూత తొందరపడి తీస్తే మాంసం మెత్తబడకముందే పైభాగం ఎండిపోతుంది. పక్కన వెనిగర్‌లో ఊరేసిన ఎర్ర క్యాబేజీ తప్పనిసరి. మెడమాంసంలో కొవ్వు ఎక్కువ కాబట్టి ఆ పులుపు లేకపోతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. మెడ అన్నిటికంటే చవక ముక్క. దానిలో నరాలూ పొరలూ ఎక్కువ, గంటల తరబడి ఉడికితే అవే కరిగి రసాన్ని చిక్కబరుస్తాయి. ఖరీదైన తొడమాంసంతో చేసిన హాట్‌పాట్ పీచుపీచుగా ఉండటం అందుకే.

గనిలో దిగినవాడికి ఇంటికొచ్చే వీలే లేదు. పని మధ్యలో తినే ఆ తిండికి బ్రిటన్‌లో ఉన్నన్ని పేర్లు మరే పూటకూ లేవు. నాటింగ్‌హామ్, డెర్బీ, దక్షిణ యార్క్‌షైర్ గనుల్లో స్నాప్. డరమ్, నార్తంబర్లాండ్ వైపు బెయిట్. లాంకషైర్, చెషైర్‌లలో బాగిన్. స్కాట్లాండ్‌లో పీస్. కార్న్‌వాల్ తగరం గనుల్లో క్రిబ్, లేదంటే క్రౌస్ట్. కేంబ్రిడ్జి దగ్గరి చిత్తడి నేలల్లో పొలం పనివాళ్లకు డాకీ. యార్క్‌షైర్ హల్ వైపు ఇప్పటికీ ప్యాకప్ అంటారు. ఈ పేరును బట్టి మనిషిది ఏ ఊరో, తండ్రి ఏ పని చేసేవాడో చెప్పేవాళ్లుండేవారు.

స్నాప్ టిన్ను చూస్తే ఆ పని ఎలాంటిదో అర్థమవుతుంది. బ్రెడ్డు ముక్క ఆకారంలోనే, ఒక వైపు గుండ్రంగా ఉండే రేకు డబ్బా. రెండు సగాలు ఒకదాని మీద ఒకటి జారి మూసుకుంటాయి, నడుముకు ఉన్న బెల్టుకు తగిలించుకుంటారు. కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టి మేకుకు తగిలిస్తే గనిలో ఎలుకలు మిగల్చవు. బండ్లు లాగే పొట్టి గుర్రాలు కూడా జేబులు వెతికి మరీ తినేవి. అందుకే రేకు. లోపల బ్రెడ్డు ముక్కల మధ్య జామో, కాల్చిన మాంసం నుంచి కారి గడ్డకట్టిన కొవ్వూ దాని మీద చిటికెడు ఉప్పో. ఆ కొవ్వును డ్రిప్పింగ్ అంటారు. లోతు గనిలో ఉక్కగా, వేడిగా ఉంటుంది. మాంసం, చేప నాలుగు గంటల్లో వాసన వేస్తాయి, ఆకుకూరలు వాడి నీరు కారుతాయి. జామ్, డ్రిప్పింగ్ చెడవు. తాగడానికి గుండ్రటి రేకు సీసాలో నీళ్లు, దాని పేరు డడ్లీ. చేతులు కడుక్కునే వసతి ఉండదు కాబట్టి అంచు పట్టుకుని తిని, బొగ్గు అంటిన ఆ చివర పారేసేవాళ్లు. స్నాప్ టైమ్ ఇరవై నిమిషాలు.

కార్న్‌వాల్‌లో ఇదే అవసరానికి పాస్టీ ఉంది. గొడ్డుమాంసం, బంగాళాదుంప, స్వీడ్ అనే ఒక రకం దుంప, ఉల్లిపాయ పచ్చివిగానే తరిగి పిండిలో పెట్టి, అంచు పక్కగా మడిచి కాలుస్తారు. ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒక చివర పేరులోని మొదటి అక్షరాలు పిండితోనే అతికించేవాళ్లు. 2011లో దీనికి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. కార్నిష్ పాస్టీ అని అమ్మాలంటే అందులో మాంసం కనీసం 12.5 శాతం, కూరలు 25 శాతం ఉండాలి, కుట్టు పక్కనే ఉండాలి.

ఇంగ్లండ్ నుంచి సముద్రం దాటి వచ్చి మన దగ్గర స్థిరపడ్డ మాట ఇలాంటిదే ఒకటుంది, టిఫిన్. తెల్లదొరల కాలంలో ఇక్కడి ఇంగ్లీషువాళ్లు మధ్యాహ్నపు తేలిక భోజనానికి వాడిన ఆ మాట తెలుగునాట పొద్దుటి ఇడ్లీ, దోసెల మీదికి జరిగింది. డిన్నర్ రెండు పూటల మధ్య జరిగినట్టే ఇదీ జరిగింది.

బడి పిల్లల డిన్నర్ మాత్రం ఉత్తరం, దక్షిణం తేడా లేకుండా డిన్నరే. లంచ్ అనే ఇళ్ల పిల్లలకు కూడా బడిలో పెట్టేది స్కూల్ డిన్నర్, వడ్డించేవాళ్లు డిన్నర్ లేడీస్, సోమవారం పొద్దున కవరులో పట్టుకెళ్లేది డిన్నర్ మనీ. 1906 చట్టంతో మొదలై, 1944 విద్యాచట్టంతో భోజనం పెట్టడం స్థానిక అధికారుల బాధ్యత అయింది. 1946 నుంచి పిల్లలకు రోజుకు 190 మిల్లీలీటర్ల పాలు ఉచితంగా ఇచ్చారు. 1971లో ఏడేళ్లు దాటినవాళ్లకు అది ఆపేశారు. ఎన్నో బడులకు సొంత వంటగది ఉండేది కాదు. కేంద్ర వంటశాలలో వండి, వేడి పోకుండా మూత బిగించిన అల్యూమినియం గంగాళాల్లో వ్యాన్ల మీద పంపేవాళ్లు. ఐస్‌క్రీమ్ గరిటెతో గుండ్రంగా తీసి పెట్టిన బంగాళాదుంప ముద్ద, ఉడికి రంగు పోయిన క్యాబేజీ, పైన చిక్కటి గ్రేవీ. తరవాత ఆవిరి మీద ఉడికించిన కేకు, దానిమీద కస్టర్డ్.

ఆ కస్టర్డ్‌లో ఉండలు ఒక తరం మొత్తానికి గుర్తు. అవి ఎందుకు వస్తాయో మన ఇళ్లలో ఫ్రూట్ సలాడ్ చేసేవాళ్లకు తెలిసిందే. పొడి మీద నేరుగా మరిగే పాలు పోస్తే బయటి పిండి క్షణంలో ఉడికి, లోపలి పిండి పొడిగానే చిక్కుకుపోతుంది. రెండు టేబుల్ స్పూన్ల పొడి, ఒకటో రెండో స్పూన్ల పంచదార, మొత్తం 570 మిల్లీలీటర్ల పాలలోంచి తీసిన కొద్ది చల్లటి పాలతో ముందు పేస్టులా కలపాలి. మిగతా పాలు మరిగించి దాని మీద పోసి, గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టి చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి. రెండు వందల మందికి వండేచోట ఆ చివరి నిమిషంలో గరిటె ఆగితే అడుగంటుతుంది. ఆ పొడి తయారుచేసినాయన ఆల్ఫ్రెడ్ బర్డ్, బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం వ్యాపారి. భార్యకు గుడ్లు పడవని 1837లో గుడ్డు లేని కస్టర్డ్ చేశాడు.

ఆదివారం దేశమంతా ఒక్కటయ్యేది. మధ్యాహ్నం ఒంటిగంటకు కాల్చిన మాంసంతో సండే డిన్నర్. యార్క్‌షైర్‌లో ముందుగా యార్క్‌షైర్ పుడ్డింగ్ ఒక్కటే, ఉల్లిపాయ గ్రేవీతో. కడుపు సగం దాంతో నిండితే కొద్ది మాంసం అందరికీ సరిపోతుంది. 115 గ్రాముల మైదా, రెండు గుడ్లు, 285 మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పు కలిపి అరగంట ఉంచాలి. రేకు గిన్నెలో డ్రిప్పింగ్ పొగలు వచ్చేదాకా కాగాక పిండి పోసి, 220 డిగ్రీల్లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. పొంగకపోతే కొవ్వు చాలినంత కాగలేదన్నమాట. పొంగి కూలిపోతే మధ్యలో ఓవెన్ తలుపు తెరిచినట్టు. మిగిలిన మాంసం సోమవారం చల్లగానే తినేవాళ్లు. సోమవారం బట్టలు ఉతికే రోజు, పొయ్యి మీద నీళ్ల కాగు ఉంటుంది, వంటకు చోటు లేదు. మంగళవారం ఆ మిగిలిందే తిరగలిలాంటి మిన్సర్‌లో వేసి, పైన బంగాళాదుంప ముద్ద పరిచి కాలిస్తే షెపర్డ్స్ పై.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ఆదివారం సాయంత్రపు టీ. మధ్యాహ్నం అంత తిన్నాక వేడి వంట ఉండదు, అన్నీ చల్లటివే. డబ్బా సాల్మన్ చేప మీద కాస్త వెనిగర్. పల్చగా తరిగి వెనిగర్‌లో వేసిన దోసకాయ. ఉడికించిన హామ్, లెట్యూస్ ఆకులు, టమాటా, వెనిగర్‌లో ఊరిన బీట్‌రూట్, ఒక సీసా సలాడ్ క్రీమ్. బీట్‌రూట్ పక్కన పెట్టిందల్లా గులాబీ రంగుకు తిరుగుతుంది కాబట్టి దాన్ని వేరే గాజు పళ్లెంలో పెట్టడం తెలిసిన ఇల్లాలి లక్షణం. తరవాత డబ్బా పీచ్ పళ్లు, వాటి మీద కార్నేషన్ బ్రాండు డబ్బా చిక్కపాలు. పళ్లతోపాటు వెన్న రాసిన బ్రెడ్డు ముక్క ఒకటి తినాల్సిందే, పళ్లు ఒక్కటే తింటే పెద్దవాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. చావు ఇంట్లో అంత్యక్రియల తరవాత పెట్టేదీ ఈ హామ్ టీయే. పోయినవాళ్లను గౌరవంగా సాగనంపారనడానికి హామ్ పెట్టి పంపారని చెప్పుకునేవాళ్లు.

బల్ల మధ్యలో ఉన్ని టోపీ తొడిగిన టీపాట్. ముందు వేడినీళ్లు తిప్పి పారబోసి పాట్ వెచ్చబెట్టాలి. మనిషికో టీ స్పూను ఆకు, పాట్‌కని ఇంకొకటి. తెర్లుతున్న నీళ్లు పోసి నాలుగైదు నిమిషాలు మూత పెట్టాలి. నీళ్లు కాగి చల్లారితే రంగు దిగదు. పదిహేను నిమిషాలు వదిలేస్తే చేదెక్కుతుంది. పాలు కప్పులోనే కలుస్తాయి, మన చాయ్‌లా పొయ్యి మీద కాదు. ఇలా టీ దింపడాన్ని నాటింగ్‌హామ్, డెర్బీ వైపు మాష్ అంటారు, లాంకషైర్‌లో బ్రూ. 1940 జూలై నుంచి 1952 అక్టోబరు దాకా టీ రేషన్‌లో ఉండేది, మొదట్లో మనిషికి వారానికి 57 గ్రాములు. ఇప్పటి టీ బ్యాగుల లెక్కన పాతికకు అటూ ఇటూ. పాట్‌కని వేసే ఆ అదనపు స్పూను ఆ పన్నెండేళ్లు చాలా ఇళ్లలో మానేశారు.

హైదరాబాద్ హోటళ్లలో, మన ఫంక్షన్లలో "హై టీ" అంటే సాయంత్రం నాలుగింటికి సమోసాలు, పేస్ట్రీలు. బ్రిటన్‌లో అది ఆఫ్టర్‌నూన్ టీ. అక్కడ హై టీ అంటే కత్తీ ఫోర్కూ పట్టుకుని తినే భోజనం. స్కాట్లాండ్ చిన్న ఊళ్ల హోటళ్లలో ఈ పద్ధతి చాలాకాలం నిలిచింది. నాలుగున్నర నుంచి ఆరున్నర మధ్య పిండి ముంచి వేయించిన హాడక్ చేప, చిప్స్, లేదా హామ్, గుడ్లు. వెంటనే టోస్టు, ఆపైన మూడంతస్తుల స్టాండు మీద స్కోన్లు, కేకులు, ఇంత టీ. స్టాండు కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి.

మిల్లులు మూతపడ్డాయి. 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా సాగిన గని కార్మికుల సమ్మెలో వాళ్ల భార్యలు వెల్ఫేర్ హాళ్లలో పొయ్యిలు పెట్టి మధ్యాహ్నం వేడి డిన్నర్ వండి పెట్టారు. ఆ సమ్మె ఓడాక కొన్నేళ్లలో చాలా గనులూ పోయాయి. ఆఫీసుల్లో మధ్యాహ్నం సాండ్‌విచ్, వేడి వంట సాయంత్రానికి మారింది. ఆ వంట బర్మింగ్‌హామ్‌లో బాల్టీ కూరైనా, బార్న్స్‌లీలో ఓవెన్ పిజ్జా అయినా, ఉత్తరాది ఇళ్లలో దాని పేరు ఇంకా టీయే. తిండి మారింది, వేళ ఒక గంట జరిగింది, పేరు కదల్లేదు. మధ్యాహ్నపు డిన్నర్ మాత్రం నలభై ఏళ్ల లోపువాళ్ల నోట తగ్గుతోంది, లంచ్ అనేస్తున్నారు. ఇది పోతే బాధే.

లీడ్స్‌కో షెఫీల్డ్‌కో చదువుకోడానికీ ఉద్యోగానికీ వెళ్లే మనవాళ్లకు పనికొచ్చేవి కొన్ని. "కమ్ ఫర్ టీ" అని అయిదింటికి పిలిస్తే అది భోజనం, ఇంట్లో తిని వెళ్లొద్దు. శాకాహారులైతే ముందే చెప్పాలి, హామ్ అప్పటికే కొని ఉంచుతారు. "కమ్ ఫర్ ఎ కప్ ఆఫ్ టీ" అంటే టీ, బిస్కట్ మాత్రమే. ఆసుపత్రిలో, వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్లు టీటైమ్ మాత్రలంటే సాయంత్రం అయిదు ప్రాంతం అని గుర్తుంచుకోవాలి. పేషెంటు డిన్నర్ తరవాత వేసుకున్నానంటే గంట ఎంతో అడిగి రాసుకోవాలి. షుగర్ మందుల విషయంలో ఈ పొరపాటు ఆరేడు గంటల తేడా తెస్తుంది.

స్కాట్లాండ్ వెళితే సప్పర్ మరోలా పలుకుతుంది. చేపల దుకాణంలో ఫిష్ సప్పర్ అంటే చిప్స్‌తో కలిపి, పట్టపగలు పన్నెండింటికైనా సరే. చిప్స్ వద్దనుకుంటే సింగిల్ ఫిష్ అనాలి. ఎడిన్‌బరాలో దాని మీద ఉప్పు, పల్చటి గోధుమరంగు సాస్ వేస్తారు. గ్లాస్గోలో ఉప్పు, వెనిగర్.